ఆఖరి కుళాయి

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డు పక్కన బసవపున్నారావు గారు కట్టిస్తున్న బిల్డింగులో పైపుల పని నాది. ముందు షాపులు, పైన ఆఫీసులు, వెనక మామిడికాయల షెడ్డు. సీజను మొదలయ్యేలోపు షెడ్డు తెరవాలని ఆయన పట్టు. షెడ్డు నేల కింద కాలవ తీసి పైపు పరిచేశాను. గోడ పొడుగునా కుళాయిలు బిగించాను. తెల్లారితే నేల మీద కాంక్రీటు పడుతుంది.

ఏ పైపు ఎంత లావుండాలో లెక్క కట్టింది లేయా. మాకు బాగా తెలిసిన స్టీఫెన్ మాస్టారి కూతురు. ఇంజనీరింగ్ చదివి నూజివీడులో సొంతంగా ఆఫీసు పెట్టుకుంది. నన్ను బాబాయ్ అంటుంది. ఆ లెక్క ఎలా కడతారో నాకూ చెప్పింది. ప్రతి కుళాయికీ, కమోడుకీ, సింకుకీ కొన్ని మార్కులుంటాయి. ఫిక్స్చర్ యూనిట్లంటారు. నీళ్ళు ఎక్కువ లాగేదానికి ఎక్కువ, తక్కువ లాగేదానికి తక్కువ. అన్నీ కూడి టేబుల్లో చూస్తే పైపు సైజు తెలుస్తుంది.

అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. బిల్డింగులో ఉన్న కుళాయిలన్నీ ఒకేసారి ఎవరూ తిప్పరు. ఒకరు తిప్పేసరికి ఇంకొకరు కట్టేస్తారు. టేబుల్ రాసినవాళ్ళు అది చూసుకునే రాశారు. అందుకని కుళాయిలు రెట్టింపైనా పైపు అంత లావు పెంచక్కర్లేదు. మనుషులు నీళ్ళ దగ్గరికి ఎలా వస్తారో ఎవరో ఓపిగ్గా కూర్చుని చూశారన్నమాట. అలాంటి పని నాకిష్టం.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ రిబ్కమ్మ పొయ్యి మీద దోసకాయ పప్పు కలుపుతోంది. సీజనులో ఆ షెడ్డులో పనిచేసేది ఆవిడ నడిపే ఆడకూలీల ముఠాయే. కాయ ముచ్చిక తుంచి, బోర్లించి సొన కార్చి, రకాలు ఏరడం వాళ్ళ పని. పోయిన సీజను వేరే చోట చేశారు. అక్కడ చేతులు కడుక్కోడానికి ఒక్కటే కుళాయి. భోజనానికిచ్చే అరగంటలో సగం నిలబడ్డానికే పోయేది. ఆగలేనివాళ్ళు సొన చేతుల్తోనే తిన్నారు. మూతులు పొక్కాయి. ఈసారి కడుపునిండా, కడిగిన చేతుల్తో తినే చోటికే తీసుకెళ్తానని వాళ్ళకి మాటిచ్చింది. పున్నారావు గార్ని వరస కుళాయిలకి ఒప్పించాకే పనికి ఒప్పుకుంది.

"కుళాయిలు పెట్టారా?" అంది.

"పెట్టాను."

"అందరికీ వస్తాయా నీళ్ళు?"

"వస్తాయి. లెక్కుంది."

ఆ లెక్కంతా చెప్పాను. నేను అంతసేపు మాట్లాడితే ఆవిడకి వింతే. గరిటె ఆపి వింది.

"ఒకేసారి తిప్పరని ఎవరన్నారు?"

"లేయా అడిగింది. నేనే చెప్పాను."

"మీరెక్కడ చూశారు?"

"హమాలీల్ని చూశాగా. ఒకడు కడుక్కుంటుంటే ఒకడు బీడీ కాలుస్తాడు. ఇంకోడు ఫోన్లో ఉంటాడు."

"వాళ్ళు మగాళ్ళండీ. ఎవడి క్యారేజీ వాడిది. మేమలా తింటామా?"

ఆలోచిస్తే నిజమే. రిబ్కమ్మ ముఠాలో ఒకరి కూర అందరి కంచాల్లోకీ వెళ్ళాలి. అందరూ కూర్చుంటే తప్ప మూత తీయరు. మూతలు తీసేముందు రిబ్కమ్మ ప్రార్థన చేస్తుంది. మెడలో అమ్మవారి తాయెత్తు ఉన్న మంగమ్మ కూడా అప్పటిదాకా ముద్ద ముట్టదు. ఒక్క మనిషి చేతులు కడుక్కోడం ఆలస్యమైతే మిగతా వాళ్ళంతా ఆగాలి. అందుకే గంట కొట్టగానే అంతా ఒక్కసారే లేస్తారు. తోటల గట్ల మీద ఎన్నోసార్లు దూరం నుంచి చూశాను. ఆ చూసింది లెక్కలోకి తేవాలని తట్టలేదు.

"మీ టేబుల్లో మేం లేమన్నమాట," అంది రిబ్కమ్మ. కోపం లేదు. పప్పులో ఉప్పు చూస్తోంది.

"లేరు," అన్నాను.

లేయాకి ఫోన్ చేశాను. సంగతి చెప్పాను.

"బాబాయ్, అందరూ ఒకేసారి తిప్పే చోట ఆ తగ్గింపు వాడకూడదు. అన్నీ పారుతున్నట్టే కట్టాలి. హాస్టళ్ళకి అలాగే కడతాం. షెడ్డుకి కూడా అవసరమవుతుందని అనుకోలేదు."

"నేను చెప్పబట్టేగా."

"పోనీలెండి. కాంక్రీటు ఇంకా పడలేదు. పొద్దున్నే సార్‌తో మాట్లాడదాం. పిన్నిని, ఆవిడ మనుషుల్నీ రమ్మనండి."

పొద్దున నేను వెళ్ళేసరికి కాంక్రీటు కలిపే మిల్లర్ వచ్చి నిలబడింది. పున్నారావు గారు తెల్లచొక్కాలో అటూ ఇటూ తిరుగుతున్నారు.

"టేబుల్ చూసే వేశామన్నారు. ఇప్పుడు టేబుల్ తప్పంటారా అమ్మాయ్?"

"టేబుల్ తప్పు కాదు సార్. ఇక్కడ భోజనానికి ఎలా లేస్తారో మేం కనుక్కోలేదు."

"అంతా ఒకేసారి ఎగబడ్డం దేనికి? కాస్త ఆగి కడుక్కుంటే ఏం పోతుంది?"

లేయా రిబ్కమ్మ వైపు చూసింది. వెనక తోటలో పచ్చడికాయ కోయడానికి వచ్చిన ముఠా అంతా అక్కడే ఉంది. రిబ్కమ్మ బుట్టలోంచి కలెక్టర్ రకం మామిడికాయ తీసి ఆయనకిచ్చింది.

"ముచ్చిక తుంచండి బాబూ."

"సొన నాకు కొత్తా? నేను పుట్టిందే తోటలో," అంటూ ఆయన పుటుక్కున తుంచారు. సొన చిమ్మి మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. ఆడవాళ్ళు కూడా తలో కాయా తుంచారు.

"మీరటు, ఆఖరి కుళాయి దగ్గరికి రండి సార్," అంది లేయా.

రిబ్కమ్మ తల ఊపగానే అంతా ఒక్కసారి తిప్పారు. మొదటి కుళాయిల్లో నీళ్ళు దబదబా పడ్డాయి. మధ్యకొచ్చేసరికి సన్నబడ్డాయి. ఆఖరిదాన్ని పున్నారావు గారు చివరంటా తిప్పారు. దారంలాంటి ధార ఒకటి వచ్చి, గోడకంటుకుని జారింది. ఆయన చెయ్యి దానికింద పెట్టారు. సొన కదల్లేదు. ముందున్నవాళ్ళు సబ్బు రాసుకుని తీరిగ్గా రుద్దుకుంటున్నారు.

ఆయన చెయ్యి చొక్కాకేసి రాశారు. అలా రాయకూడదు. మంట ఎక్కువవుతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"మంగమ్మా, త్వరగా కానీ."

"ఆగండి బాబూ," అంది మంగమ్మ వెనక్కి తిరక్కుండా. "కాస్త ఆగి కడుక్కుంటే ఏం పోద్ది?"

ఎవరూ నవ్వలేదు. నవ్వాపుకోడానికి అందరూ గోడ వైపు తిరిగారు. పున్నారావు గారు ధార వైపు, తన చొక్కా మీది మరక వైపు చూసుకుని ఆయనే ముందు నవ్వేశారు.

"శౌరీ, దీన్ని తీసి పెద్దది వేయడానికి ఎంతసేపు?" అని నన్నడిగారు.

"మధ్యాహ్నానికవుతుంది. జాయింట్లు ఆరాలి."

"మిల్లర్ వాణ్ణి రేపు రమ్మను," అన్నారాయన. మంగమ్మ పక్కకి జరిగి తన కుళాయి ఆయనకిచ్చింది.

ముఠా తోటలోకి వెళ్ళింది. లేయా అన్ని కుళాయిలూ పారుతున్నట్టు మళ్ళీ లెక్క కట్టి సైజు చెప్పింది. విస్సన్నపేట షాపు నుంచి పైపు ఆటోలో వచ్చింది. పాతది తీసి పైన ఆఫీసుల పనికి పక్కన పెట్టాను. కాలవ కొంచెం వెడల్పు చేశాను. లేయా చున్నీ నడుముకి చుట్టుకుని అవతలి కొస పట్టుకుంది. మట్టి చేతులకంటుకుంటే ఏమీ అనుకోలేదు. జాయింట్లకి గమ్ము పూసి, ఆరేదాకా ఇద్దరం గోడ నీడన కూర్చున్నాం. తోటలోంచి ఆడవాళ్ళ మాటలు వినపడుతున్నాయి. హాయిగా ఉంది.

ఆ రోజు భోజనాలు ఆలస్యమయ్యాయి. ముఠా తిరిగొచ్చింది. చేతులకి పొద్దుట్నుంచీ పట్టిన సొన, నల్లగా అంటుకుని. ఒక్కసారే తిప్పారు. నేను మొదటి కుళాయి చూడలేదు, నడుచుకుంటూ చివరికి వెళ్ళాను. అక్కడ మంగమ్మ నిలబడింది. నీళ్ళు ఆవిడ చేతుల మీద పడి మోచేతుల దాకా చిందుతున్నాయి.

"చీర తడిపేశావు కదయ్యా," అంది. అంతకన్నా మెప్పు నాకక్కర్లేదు.

ఇసక మీద గోనెలు పరిచి కూర్చున్నారు. రిబ్కమ్మ నన్ను కూడా కూర్చోమంది. నేనెప్పుడూ పని దగ్గర ఒక్కణ్ణే తింటాను. కూర్చున్నాను. పున్నారావు గారికి కూడా ఒక గోనె వేశారు. క్యారేజీల్లోంచి గోంగూర వాసన వస్తోంది. నాకు బాగా ఆకలిగా ఉంది. మూత తీయబోయాను. రిబ్కమ్మ నా వైపు చూసింది. మళ్ళీ పెట్టేశాను.

లేయా ఇంకా ఆఖరి కుళాయి దగ్గరే ఉంది, గోళ్ళలో మట్టి పోగొట్టుకుంటూ. నీళ్ళు బాగా వస్తున్నాయి. అందరం ఆగాం.