ఆదివారం జోళ్ళు

ఆదివారం మూడు గంటలకి హెడ్విగ్ ఇంటికి వచ్చేవాళ్ళు ముందు జోళ్ళు విప్పాలి, ఆ తరువాతే నోరు విప్పాలి. ఆ ఇంటి చెక్కనేల ఆవిడ తాతగారు మైనం పట్టించి పిల్లల కంటే ముద్దుగా చూసుకున్నది. బయటి తలుపు పక్కనున్న పట్టా మీద జోళ్ళు, ముక్కులు గోడకేసి పెట్టాలి. అరలోంచి ఉన్ని స్లిప్పర్లు తీసి తొడుక్కోవాలి. అప్పుడు గానీ వాద్యాల పెట్టెలు తెరవకూడదు. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో: నలుగురూ కూర్చుని క్వార్టెట్ వాయించుకుంటారు. వినేవాళ్ళెవరూ ఉండరు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం. వియన్నాలో ఇలాంటి ఇళ్ళు వీధికొకటి ఉంటాయి.

వేగంగా సాగే భాగాల్లో జోళ్ళు పెట్టిన చోటే ఉంటాయి. నెమ్మది భాగం మొదలైతే మాత్రం, ఎవరి మనసులో తేలని మాట ఉందో వాళ్ళ జోళ్ళు కదులుతాయి. మిగతావి కదలవు. కింది వాటాలో ఉండే క్రాటొహ్విల్ గారికి దీని మీద ఒకటే ఫిర్యాదు. "ఆదివారం పూట రబ్బరు అడుగులవి వేసుకు రండి నాయనా, మీ బూట్లు నా నెత్తిన నడుస్తున్నాయి" అంటుంది.

భాగం ముగిశాక నలుగురూ నడవాలోకి వెళ్ళి చూస్తారు. ఎవరి జోళ్ళయినా బయటి తలుపుకేసి తిరిగి ఉంటే ఆ మనిషి వెళ్ళవలసిన మనిషని లెక్క. వరసగా రెండు ఆదివారాలు తిరిగాయా, ఇక మాట్లాడేందుకేమీ ఉండదు. ఆరేళ్ళ క్రితం రూపర్ట్ భార్య ఇల్సె జోళ్ళు అలాగే తిరిగాయి. అప్పట్లో వియోలా ఆవిడదే. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ జోళ్ళకేసి చూశారు. ఒకరినొకరు ఒక్క మాటా అడగలేదు. ఇల్సె రైలెక్కి లింజ్‌లో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ రూపర్ట్ తన బూట్లు లోపల పెట్టడం మానేశాడు. తలుపు బయట మెట్ల మీద వదిలి వస్తాడు. అక్కడ అవేం చేస్తాయో ఎవరూ చూడరు, ఆయన కూడా చూడడు.

హెడ్విగ్ తాత మాత్రం తన రోజుల్లో జోళ్ళు నడవా పొడుగునా నడిచి వాద్యాల గది గడప దాకా వచ్చేవని చెప్పేవాడు. ముసలాయన కోతలు కోస్తున్నాడని ఇంట్లోవాళ్ళు నవ్వి ఊరుకునేవారు.

పోయిన ఆదివారం ట్రౌడె జోళ్ళు తలుపుకేసి తిరిగాయి.

ట్రౌడె రెండో వయొలిన్. బడిలో భూగోళం చెప్పి రిటైరైన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఆవిడకి వారమంటే ఆదివారం, మిగతా ఆరు రోజులూ దానికి తోవ. ఈ చలికాలం ఎడమచేతి ఉంగరపు వేలు బిగుసుకుపోయింది. కొన్ని స్వరాలు చప్పగా పడుతున్నాయి. ఆ సంగతి నలుగురికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. పోయిన వారం జోళ్ళు తిరిగాక మాత్రం రూపర్ట్ గొంతు సవరించుకున్నాడు. కన్సర్వేటరీలో సంగీతం చదివిన ఒకావిడ ఖాళీగా ఉందని, అడిగితే కాదనదని అన్నాడు. "ఊరికే చెబుతున్నాను. తేల్చేది జోళ్ళే కదా."

అందుకని ఈ ఆదివారం ట్రౌడె అందరికంటే ముందే వచ్చింది. పట్టా మీద జోళ్ళు పెట్టి, అటూ ఇటూ చూసి, లేసులు రెండూ కోట్లు తగిలించే స్టాండు కాలికి కట్టసాగింది. వేళ్ళు మొండికేశాయి. ముడి పడేసరికి తలుపు తెరుచుకుని వియోలా పెట్టెతో ఒట్టొకార్ లోపలికి వచ్చాడు.

"ఏం ట్రౌడె, కరుస్తాయా?" అన్నాడు.

ఆవిడ ముఖం ఎర్రబడింది. ముడి విప్పింది. ఒట్టొకార్ పక్కన కూచుని తన జోళ్ళు విప్పుకుంటూ, "నేనూ ఒకసారి నావాటికి మేకు కొడదామనుకున్నాలే. హెడ్విగ్ నేల పాడవుతుందని భయమేసింది" అన్నాడు మెల్లగా. ఆ మాటకి ట్రౌడెకి ఏడుపొచ్చినంత పనైంది.

రూపర్ట్ వచ్చాడు. పళ్ళ డాక్టరు. పన్ను పీకడమైనా పాటైనా ఆయనకి చప్పున అయిపోవాలి. మొదటి వయొలిన్ కుర్చీలో కూర్చుని కాగితాలు సర్దుకుని అందరికేసీ చూశాడు, ట్రౌడె కేసి తప్ప.

మొదటి భాగం బాగానే గడిచింది. తరువాతది నెమ్మది భాగం. పాట రాసినాయన దాని ముగింపుకి ముందు నిలువు గీతల పక్కన రెండు చుక్కలు పెట్టాడు, అంతా మళ్ళీ మొదటి నుంచి వాయించి అప్పుడు ముగించమని. రూపర్ట్ ఎప్పటిలాగే చేత్తో ఆ చుక్కల్ని తోసేశాడు. "మళ్ళీ వెనక్కి వద్దు. ఒక్కసారి చాలు, కాఫీ చల్లారిపోతుంది."

ఎవరూ కాదనలేదు. అది ఆరేళ్ళ మాట కాదు. ఇల్సె ఉన్న రోజుల్లోనూ అంతే.

నలుగురూ కలిసి ఊపిరి పీల్చారు, కమానులు తీగల మీద వాలాయి. పాటంతా మొదటి వయొలిన్‌దే. చెల్లో కిందనుంచి పట్టుకుంటుంది, వియోలా మధ్యలో నిట్టూరుస్తుంది. రెండో వయొలిన్‌కి దక్కింది నాలుగే స్వరాలు. అవే ముందుకీ వెనక్కీ, ఉయ్యాల ఊపినట్టు. వినేవాడికి అవి వినిపించను కూడా వినిపించవు. కానీ ఆ ఊపు ఆగితే పాట నేలకి జారుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ట్రౌడె చేస్తున్న పని అదే, ఆవిడకి అంతకంటే ఇష్టమైన పని లోకంలో లేదు.

నడవాలో తోలు కిర్రుమంది.

ఆవిడకి ఆ చప్పుడు తెలుసు. ఎడమ జోడు మడమలో వదులైన మేకు ఒకటుంది, అది కదిలితే టిక్కుమంటుంది. టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది. తిరుగుతున్నాయి. రూపర్ట్ కూడా విన్నాడు కాబోలు, పాట ఇంకాస్త తొందరగా లాగాడు. ఉంగరపు వేలు ఒక స్వరం మింగేసింది. ఒట్టొకార్ తల ఎత్తలేదు. కాగితం మీద వరసలు తరిగిపోతున్నాయి, ఇంకొక్క వరస, ఆ తరువాత కమానులు దించి, లేచి, నడవాలోకి నడిచి, చూడాలి. చూశాక స్లిప్పర్లు అరలో పెట్టి మెట్లు దిగాలి. సోమవారం నుంచి ఆ మనిషి ఏం చేస్తుంది?

చుక్కలు వచ్చాయి.

మిగిలిన ముగ్గురూ ముగింపులోకి వెళ్ళారు. ట్రౌడె వెళ్ళలేకపోయింది. ఏదో సాధిద్దామని కాదు, అయిపోవడం భరించలేక, ఆవిడ చెయ్యి తనంతట తాను మొదటికి పోయింది. ఆ నాలుగు స్వరాలే, ముందుకీ వెనక్కీ.

ముందే అనుకోకుండా వెనక్కి వెళ్ళడమంటే ఈ మనుషుల్లో పెద్ద అమర్యాద. ఒక్క క్షణం నాలుగు వాద్యాలూ తలోదారీ పోయి గది సంతలా అయింది. హెడ్విగ్ కళ్ళజోడు పైనుంచి ట్రౌడెని చూసింది. ఆవిడ చెల్లో తడబడి, ఆగి, ట్రౌడె వెనకాలే మొదటికి వచ్చింది. వియోలా కూడా వచ్చింది.

"ట్రౌడె గారూ" అన్నాడు రూపర్ట్, కమాను గాల్లో పెట్టి.

ఆవిడ చూడలేదు. ముగ్గురూ వాయిస్తున్నారు, పాట మాత్రం లేదు, పాట కోసం ఖాళీగా ఉంచిన చోటు ఉంది. రూపర్ట్ దాన్ని కాసేపు విన్నాడు. తరువాత కమాను దించి అందులోకి వచ్చాడు.

ఈసారి ఆయన పరుగెత్తలేదు. ఎక్కడికి పరుగెత్తాలి, చివరిదాకా ఒకసారి వెళ్ళొచ్చిన మనిషి. ఇందాక అందంగా దాటేసిన స్వరాల దగ్గర ఇప్పుడు ఆగి నిలబడ్డాడు. మొదటిసారి పాట ఏదో అడుగుతున్నట్టు వినిపించింది, అవే స్వరాలు రెండోసారి అడగడం మానేసి చెబుతున్నట్టున్నాయి. ట్రౌడెకి తన వేలు సంగతే గుర్తు లేదు. మింగేసిన స్వరం ఈసారీ పలకలేదు, ఆ చోట వియోలా కొంచెం గట్టిగా ఊపిరి తీసింది, అంతే. రూపర్ట్ గడ్డం కింద వయొలిన్ తడిసింది. ఆయన తుడుచుకోలేదు. నడవాలో చప్పుడు వస్తూనే ఉంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ముగిసింది. కిటికీ బయట మంచు రాలుతోంది. ఎవరూ కమాను ఒళ్ళో పెట్టుకోలేదు.

చివరికి హెడ్విగే చెల్లో పక్కన పెట్టి తలుపు తీసింది. తీసి, ఆగిపోయింది.

ట్రౌడె జోళ్ళు గది గడప మీద ఉన్నాయి. బయటి తలుపుకి వీపు పెట్టి, ముక్కులు లోపలికి, లేసులు ఈడ్చుకుంటూ నడిచొచ్చి నిలబడ్డాయి.

"తాత కోతలు కొయ్యలేదన్నమాట" అంది హెడ్విగ్. "అవి పూర్తిగా తిరిగి ఇటు వస్తున్నాయి. మనం సగంలో ఆపి చూస్తున్నాం."

ట్రౌడె కుర్చీ అంచున కూచుని వాటికేసే చూస్తోంది. ఒట్టొకార్ ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. రూపర్ట్ మాత్రం గడప దగ్గరికి వచ్చి ఆ జోళ్ళకేసి చూశాడు.

"హెడ్విగ్ గారూ, ఆ రోజు..." అన్నాడు. "ఇల్సె ఉన్న ఆ ఆదివారం, మనం రెండోసారి వాయించామా?"

"లేదు డాక్టరుగారూ."

"ఎవరు వద్దన్నారు?"

హెడ్విగ్ చల్లారుతున్న కాఫీ కేసి చూసింది. ఆయన ఆ మాట ఇందాకే అన్నాడు.

రూపర్ట్ కోటు తీసుకున్నాడు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "ట్రౌడె గారూ, ఆ వేలుతో ఇబ్బందైతే పక్క వేలు వాడుకోండి. వచ్చే ఆదివారం నిదానంగానే వాయిద్దాం" అన్నాడు. "ఆ కన్సర్వేటరీ ఆవిడకి నేను కబురు పెట్టను."

తలుపు తీశాడు. మెట్ల మీద ఆయన బూట్లు లేవు.

కింది మెట్టు మీద చీపురు పట్టుకుని క్రాటొహ్విల్ గారు నిలబడి ఉంది. "మీవి ఇప్పుడే దిగి వెళ్ళాయి డాక్టరుగారూ. కింద వీధి తలుపు నేనే తీసిపెట్టాను."

"ఎటు వెళ్ళాయి?"

"స్టేషన్ వైపు. కంగారు పడకండి, నెమ్మదిగానే నడుస్తున్నాయి."

ఉన్ని స్లిప్పర్లతోనే ఆయన మెట్లు దిగి మంచులోకి వెళ్ళాడు. ఒట్టొకార్ కిటికీలోంచి వీధి మలుపు దాకా చూసి, తెర వదిలేశాడు.

ట్రౌడె గడప దగ్గరికి వచ్చి, వంగి తన జోళ్ళు ముట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి. వాటిని పట్టా మీదికి తీసుకుపోలేదు, అక్కడే ఉండనిచ్చింది.

హెడ్విగ్ కప్పుల్లో పోసింది. కాఫీ పూర్తిగా చల్లారిపోయింది. ముగ్గురూ దాన్నే తాగారు.