మెడ వెనక ఒంటిపోగు

నైలాన్ అయితే, ఊహూ, ఎండకి పెళుసెక్కుతుంది, ఎప్పుడు తెగుతుందో దానికే తెలియదు, ఎలాస్టిక్ సాగి సాగి మళ్ళీ మెడకే బిగుసుకుంటుంది, ఇక స్టీలు తీగ మాటే ఎత్తొద్దు, ఆ తీగతోనే కదా అక్కకి పూసలదండ గుచ్చి ఇచ్చాను, కొసలు చిన్న లోహపు పూసలో దూర్చి పటకారుతో నొక్కి, ఏనుగు లాగినా తెగదని కోతలు కోశాను, ఏనుగు లాగలేదు, అక్క నర్సుగా ఉన్న వార్డులో మతిమరుపు పెద్దావిడ లాగింది, గుప్పెట బిగించి లాగింది, తెగలేదు, నా పనితనం తగలెయ్య.

పోనీ వార్డుకి వేసుకెళ్ళొద్దక్కా అంటే వినదు, ఈ పూసలు తడుముతూ ఉంటేనే ఆవిడ నోరు తెరుస్తుందే, లేకపోతే మాత్ర నా మొహానే ఉమ్ముతుంది, అని నవ్వుతుంది, మెడ చుట్టూ ఎర్రటి గీత పెట్టుకుని, కాసేపు ఊపిరాడలేదనుకో, అని మధ్యలో మామూలుగా అనేస్తుంది, టీ చల్లారిపోయింది, కత్తెర ఎక్కడ పెట్టానో, ఇదిగో ఒళ్ళోనే ఉంది, అంటే దండ తెగాలి, తెగాలి గానీ పూసలు చెల్లాచెదురు కాకూడదు, ఆవిడ ఒకటి నోట్లో వేసుకుంటే, అమ్మో, అయితే పట్టుదారం, పూసకీ పూసకీ మధ్య ముడి, తెగడం మాత్రం ఒక్కచోటే, మెడ వెనక, కొక్కేనికి మామూలు కుట్టుదారం, ముడి మీద బంకచుక్క వేస్తే గట్టిపడుతుంది, వద్దు, గట్టి అన్న మాటే వద్దు, కానీ ఎన్ని పోగులు?

రెండు పోగులు వేసి, అద్దం ముందు నిలబడి, నా మెడకే పెట్టుకుని లాగాను, తెగలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అక్క ఇంతకంటే ఎక్కువే బాధపడి ఉంటుంది, ఆ రోజు గీత చూపించగానే నేను అడిగిందేమిటి, వద్దు, ఇప్పుడెందుకది, విప్పు, ఒంటిపోగు వెయ్యి, దండ తెగలేదు కదా అని అడిగాను, అదీ నేను అడిగింది, లేదే, భలే గట్టిది నీ దండ, అంది అక్క, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, నేను మురిసిపోయాను, సిగ్గులేకుండా మురిసిపోయాను.

మళ్ళీ లాగాను, ఒంటిపోగు టప్పున తెగింది, దండ మొత్తం దోసిట్లోకి జారింది, ఒక్క పూస రాలలేదు, మళ్ళీ ఒంటిపోగే వేసి ఇస్తాను, రేపో మాపో అక్క ఫోన్ చేస్తుంది, ఏమే, ఈసారి దండ పట్టుమని పదిరోజులు ఆగలేదు, అని దెప్పుతుంది, దెప్పనీ, నేను మాత్రం ముందు నీ మెడకేం కాలేదు కదా అని అడుగుతాను, ఆ రోజు అడగాల్సింది అదొక్కటే.