స్వాధీనంలో ఉన్నవాడు

లీజు గడువు తీరింది, ట్రాలీ బండి తెచ్చి అప్పగించమని పంజాగుట్టలోని కంపెనీ మా తమ్ముడి కొడుకు మహిపాల్‌కు కబురు పెట్టింది. అది తన బండే అనుకుంటున్నాడు వాడు. అనుకోక ఏం చేస్తాడు? ఇచ్చిన రోజున కంపెనీ వాళ్లే పూలదండ తెచ్చారు. వాడి చేతనే కొబ్బరికాయ కొట్టించారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు, మనిషంత అట్ట తాళంచెవి చేతికిచ్చి ఫోటో తీశారు. మా ఇళ్లలో ఎవరు కాయ కొడితే బండి వాళ్లది. అద్దె బండికి కొబ్బరికాయ కొట్టే వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా? ఈ సంగతి కంపెనీకి బాగా తెలుసు. కాయ కూడా వాళ్లే కొని తెచ్చారు. ఎంత దయ!

ఆ బండిలోనే వాడు అమీర్‌పేట హాస్టళ్లకు అన్నం, కూరల డేగిసాలు చేరవేస్తాడు. బండి పోతే పని కూడా పోయినట్టే. నేను భయపడి వెంట వెళ్లాను. మనిషైనా వస్తువైనా, ఇప్పుడే వస్తానని గడప దాటినవేవీ నాకు మళ్లీ కనబడలేదు.

ఆఫీసులో వివేక్ అనే కుర్రాడు మమ్మల్ని కూర్చోబెట్టాడు. మెడలో కార్డు పట్టీ, మొహాన చిరునవ్వు. రెండూ కంపెనీ ఇచ్చినవే.

"అన్నా, ఇది లీజు. ఓనర్ కంపెనీ. మీరు వాడుకున్నరు, గంతే."

"మరి మెట్రో పిల్లర్ కాడ స్కూటరాయన పడ్డప్పుడు నోటీసు నా పేరు మీదనే వచ్చె గద? అప్పుడు నేనే ఓనర్ అంటిరి?" అన్నాడు మహిపాల్.

"అది వేరే అన్నా. మోటారు చట్టంల లీజు బండి ఎవరి స్వాధీనంల ఉంటే వాళ్లే ఓనర్. యాక్సిడెంట్లు, చలాన్లు గివన్నీ వాళ్లయే."

"అంటే ఎవలకన్న తాకితే మాది, తాకకపోతే మీది. గంతేనా బిడ్డా?" అన్నాను.

"అట్ల కాదమ్మా. చట్టమే అట్లున్నది."

"మస్తుగున్నది. బర్రె మీది, పెండ మాది."

వివేక్ చిరునవ్వు చెదరలేదు. తనిఖీ చేయాలంటూ మమ్మల్ని కింద సెల్లారులోకి తీసుకెళ్లాడు. కంపెనీ డ్రైవరు చక్రపాణి తాళంచెవి తీసుకుని మా బండి ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే వెనక్కి తోలి, ఆగి ఉన్న తెల్ల కారును గుద్దాడు. కారు దీపం భళ్లున పగిలింది. లిఫ్టు దగ్గరి నుంచి కారాయన పరుగెత్తుకొచ్చాడు. శ్రీనగర్ కాలనీ పెద్దమనిషట.

"ఏంటిది? ఎవరిదయ్యా ఈ బండి?"

వివేక్ తడుముకోలేదు. "తనిఖీ కాలే సార్. అప్పగింత సంతకం సుత పడలే. బండి ఇంకా గీ అన్న స్వాధీనంలనే ఉన్నది."

నాకు ఒళ్లు మండింది. "తోలింది మీ డ్రైవరే గదరా, సిగ్గుండాలె!" అన్నాను. చక్రపాణి తన చెప్పుల వంక చూసుకున్నాడు. మహిపాల్ మాత్రం ఏదో లెక్క కుదిరినట్టు తల పంకించాడు.

"సరే. నా స్వాధీనమే. సార్, నా నంబర్ రాసుకోండి, ఎటు పారిపోను. చక్రపాణన్నా, జర దిగు."

చక్రపాణి దిగాడు. మహిపాల్ ఎక్కి కూర్చున్నాడు. "అత్తా, ఎక్కు. హాస్టల్ పిల్లలకు అన్నం టైమైంది."

"అన్నా, బండి ఎటు తీస్కపోతున్నవ్?" వివేక్ చిరునవ్వు అప్పటికి రాలిపోయింది.

"సంతకం పడే దాక నాదేనంటివి గద తమ్మీ. పడ్డంక చూద్దాం."

నేను ఎక్కి తలుపు గట్టిగా పట్టుకున్నాను. రేపు వాళ్లు ఇంటికే వస్తారని నాకు తెలుసు. గేటుకు అడ్డంగా ఏదో ఆటో ఉండటంతో మా బండి చిన్నగా పైకి పాకుతోంది. వెనకాల వివేక్ గొంతు సెల్లారంతా మారుమోగింది.

"ఆపుండ్రి! గా బండి మాది! ఓనర్ కంపెనీ!"

"ఓహో, ఓనర్లు మీరా?" అన్నాడు తెల్ల కారాయన. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా బాబూ. ఇలా రండి."