గుడారంలో రెండో కుర్చీ

సృజన్ వాళ్ళ హాల్లో టీవీ పక్కన గోడకి కొత్త ఫోటో తగిలించారు. పొద్దుటి మంచులో పెద్ద కొమ్ముల దుప్పి, తలెత్తి నేరుగా మన వైపే చూస్తోంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాని ముందు ఆగి "అబ్బ!" అంటున్నారు. తేజేశ్వర్ కూడా అన్నాడు. అనక చస్తాడా? లోపల మాత్రం కడుపు భగ్గున మండింది, ఎందుకంటే ఆ ఫోటో తీసింది తను కాదు, నిశాంత్.

పాపం, తేజేశ్వర్ బాధలో న్యాయం లేకపోలేదు లెండి. అమెరికా వచ్చి పార్సిప్పనీలో దిగిన కొత్తలో వాడూ సృజనూ ఒకే పరుపు మీద పడుకున్నవాళ్ళు. ఆఫీసులో ఎవరో సృజన్‌కి విల్లుతో జింకల వేట నేర్పితే, తక్కిన స్నేహితులంతా "ఇదేం పిచ్చిరా బాబూ" అని నవ్వారు. తోడు వెళ్ళింది వీడొక్కడే. సృజన్ బాణం వేస్తాడు, వీడు ఫోటోలు తీస్తాడు. అడవిలో ఆకురంగు గుడారం వేసుకుని కూర్చుంటారు. అందులో పట్టేవి రెండే మడత కుర్చీలు. ఒకటి సృజన్‌ది, రెండోది తేజేశ్వర్‌ది.

అలాంటి కుర్చీ పోయింది. కెమెరా వల్లే పోయింది. వీడి కెమెరా అచ్చం పొత్రంలా ఉంటుంది. మెడకి తగిలిస్తే మెడ నొప్పి, బ్యాగు జిప్పు తీస్తే అడవంతా వినపడుతుంది. పోయిన సీజన్లో లెన్స్ మారుస్తుంటే మూత జారి ఠప్పున కింద పడింది. ఎదురుగా ఉన్న దుప్పి పరుగో పరుగు. సృజన్ విల్లు దించేశాడు. మరుసటి శనివారం, "ఈసారికి నిశాంత్ వస్తాడ్లేరా, వాడి కెమెరా జేబులో పడుతుంది" అన్నాడు. ఆ "ఈసారికి" సీజనంతా సాగింది.

నిశాంత్ సృజన్ టీమ్‌లో కొత్తగా చేరిన వరంగల్ మనిషి. నోరు తెరిస్తే "అన్నా" తప్ప ఇంకో మాట రాదు. కోపం తెచ్చుకుందామంటే సందివ్వడు. తేజేశ్వర్‌కి అదే ఇంకా ఒళ్ళుమంట.

సరే, వీడూ చిన్న కెమెరా కొనాలనుకున్నాడు. క్లిక్కుమనకూడదు, వాన పడితే చెడిపోకూడదు, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగాలి. అన్నిటికంటే ముందు, నిశాంత్ కెమెరా కంటే ఇసుమంతైనా తేలిగ్గా ఉండాలి. కొన్నవి కొన్నట్టు ఇంటికి తెచ్చి వంటింటి తూకం మీద పెట్టడం, పెదవి విరవడం, తిరిగిచ్చేయడం.

"నా పిండి తూకం ఇటివ్వు తేజా," అంది భార్య చంద్రిక. "ఏ కెమెరా మంచిదో నిశాంత్‌నే అడగొచ్చుగా?"

"వాణ్ణా? చచ్చినా అడగను!"

చివరికి ఒకటి దొరికింది. అరచేతిలో ఇమిడిపోయింది, చప్పుడు లేదు, తూకం మీద నిశాంత్ దానికంటే తక్కువ తూగింది. తేజేశ్వర్ ఆ సాయంత్రం ఇల్లంతా ఈల వేసుకుంటూ తిరిగాడు.

ఇక కొత్త వస్తువు దేవుడి ముందు పెట్టకుండా వాడతారా? కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన ఇల్లు, ఆఫీసువాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్‌కి కూడా బొట్టు పెట్టిన ఇల్లు అది.

"వేటకి తీసుకెళ్ళేదానికి పూజేంటి, పాపం కాదూ?" అంది చంద్రిక.

"నేనేమైనా చంపుతున్నానా? ఫోటోనేగా!" అని వాడే కుంకుమ పెట్టి, అగరొత్తులు వెలిగించాడు. ఒకటా రెండా, గుప్పెడు! స్వామీ, ఆ గోడ మీంచి నిశాంత్ ఫోటో దిగిపోవాలి, నాది ఎక్కాలి అని మొక్కుకున్నాడు. కెమెరాని రాత్రంతా దేవుడి అల్మారాలోనే ఉంచి, పొద్దున్నే మూత డబ్బాలో పెట్టి బిగించాడు.

వేట రోజున సృజన్ చాదస్తం అంతా ఇంతా కాదు. జింక కళ్ళకంటే ముక్కునే నమ్ముతుందట. తలకి నూనె రాయకూడదు, సెంటు కొట్టకూడదు, వాసన లేని సబ్బుతోనే స్నానం. తేజేశ్వర్ అన్నీ తు.చ. తప్పకుండా పాటించాడు. కాఫీ కూడా మానేసి, సృజన్, నిశాంత్‌లతో పాటు తనూ కార్ ఎక్కాడు. అడవి దగ్గర కార్ ఆపాక డబ్బా చూపించి, "నిశాంత్ దానికంటే తేలికరా!" అన్నాడు.

సృజన్ నవ్వి, "అయితే ఇవాళ నువ్వే రా" అన్నాడు.

"మంచిగయింది, మీరు పోయి రాండ్రి అన్నా. నేను కార్‌లో కూర్చుంటా," అన్నాడు నిశాంత్.

గుడారంలో రెండో కుర్చీలో కూర్చున్నప్పుడు తేజేశ్వర్‌కి ప్రాణం లేచొచ్చింది. డబ్బా తెరిచి కెమెరా మెడలో వేసుకున్నాడు. తెల్లవారుతుండగా దుప్పి వచ్చింది. గోడ మీద ఫోటోలో ఉన్నదాని కంటే పెద్దది! సృజన్ విల్లెత్తాడు. వీడు కెమెరా ఎత్తాడు. దుప్పి ఇంకో అడుగు వేయబోయి ఆగి, ముక్కెత్తి గాలి పీల్చి, బుస్సుమని ఒక్క గెంతులో మాయమైపోయింది.

సృజన్ ముక్కు ఎగబీల్చాడు. "ఏంట్రా ఇది, గుళ్ళో కూర్చున్నట్టుంది?"

తేజేశ్వర్ మెల్లగా మెడలోని తాడు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కెమెరా తాడు నిండా అగరొత్తి వాసన. "ని... నిశాంత్ కార్‌లో ఏదో వెలిగించాడ్రా," అనేశాడు.

కార్ దగ్గరికి రాగానే సృజన్ అడిగాడు, "ఏం నిశాంత్, కార్‌లో అగరొత్తి వెలిగించావా?"

నిశాంత్ తెల్లబోయాడు. తేజేశ్వర్ మొహం చూశాడు. మెడలో వేలాడుతున్న కెమెరా చూశాడు, బటన్ పక్కన సందులో ఎర్రగా కుంకుమ. "అవునన్నా," అన్నాడు మెల్లగా. "శనివారం గదా అని వెలిగించిన. తప్పయింది."

సృజన్ వాడి భుజం తట్టాడు. "పోన్లే, దాచకుండా ఒప్పుకున్నావు. అలాంటివాడే నా పక్కన ఉండాలి. వచ్చేవారం లోపలికి నువ్వే."

అంతే, తేజేశ్వర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు తనది, అబద్ధం తనది, మెప్పు మాత్రం వాడికా!

"ఆగరా! అది నేను!" అని అరిచాడు. "గుప్పెడు అగరొత్తులు వెలిగించింది నేను, వాడి మీదకి తోసింది కూడా నేనే! వాడేం చేయలేదు!"

సృజన్ వాడి వైపు తిరిగాడు. "ఎందుకురా?"

"ఆ కుర్చీ నాది కాబట్టి!"

సృజన్ విల్లు డిక్కీలో పెట్టి డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు. నిశాంత్ ముందు తలుపు తీసి పట్టుకుని, "నువ్వు కూర్చో అన్నా" అన్నాడు. ఛీ, ఈ మంచితనం కూడా వీడి దగ్గరే ఉండాలా అని కుళ్ళుకుంటూనే తేజేశ్వర్ ముందు సీట్లో కూలబడ్డాడు.

సృజన్ కార్ స్టార్ట్ చేసి అద్దంలోంచి వెనక్కి చూశాడు. "నిశాంత్, హీటర్ తగులుతోందా?"

తేజేశ్వర్‌ని ఏమీ అడగలేదు.