పాకాల వణికిన పొద్దు

సారంగపాణికి భార్య లక్ష్మీనర్సమ్మ రోజూ సగం గ్లాసే చాయ్ పోసేది. నిండా పోస్తే మిగతా సగం ధోవతి తాగేది. హన్మకొండ చౌరస్తాలో అతనిది పాత ఫోటో స్టూడియో. చెయ్యి వణకడం మొదలైనప్పటి నుంచి పెండ్లికొడుకులకు రెండేసి ముక్కులు వస్తున్నాయి. కెమెరాను అటకెక్కించి దుకాణంలో కట్‌పీసు బట్టలు పెడతానని కొడుకు భాస్కర్ తేల్చి చెప్పాడు.

"ఒక్క ఫోటో సాఫ్‌గ తీస్త. రాకుంటే నీ ఇష్టమున్నది పెట్టుకో," అన్నాడు సారంగపాణి.

"దేన్ని తీస్తవు బాపూ?"

"పాకాలను. పుష్యమాసంల, పొద్దు పొడిచేటప్పుడు."

భాస్కర్‌కు నవ్వొచ్చింది. పుష్యమాసంలో పాకాల చెరువు చలికి వణుకుతుందని నర్సంపేట దిక్కు అందరికీ తెలుసు. నీళ్లతో పాటు చుట్టూ గుట్టలూ చెట్లూ వణుకుతాయి. ఊరివాళ్లు పాపమని కట్ట మీద దానికోసం నెగళ్లు వేస్తారు. ఆ నెలలో పాకాలను సాఫ్‌గా తీసిన ఫోటోగ్రాఫర్ ఇంతవరకు లేడు.

అయినా ముగ్గురూ వెళ్లారు. షికారు పడవ నడిపే యాకయ్య గొంగడి కప్పుకొని తెడ్డు పట్టాడు.

"సారూ, జర నడుమ కూసోండ్రి. గాలి కోస్తాంది."

"కోయనీ," అని సారంగపాణి పడవ మొనకు వెళ్లి కూర్చున్నాడు. లక్ష్మీనర్సమ్మ తన శాలువా తెచ్చి తలకు చుట్టింది. కండ్లకు అడ్డమొస్తోందని అతను తీసి పక్కన పెట్టాడు.

"ఒళ్లంత ముసలిదైంది గని, నీ పంతానికి ఇంక మీసాలు గూడ రాలే," అందామె.

భాస్కర్ తన కొత్త కెమెరాతో ముందే తీశాడు. "నా చెయ్యి గట్టిగనే ఉన్నది. గుట్టే నిలుస్తలేదు," అని గొణిగాడు.

పొద్దు పొడిచింది. నీళ్లు వణికాయి. పడవ జ్వరమొచ్చిన మనిషిలా వణికింది. సారంగపాణి వేళ్లు కొయ్యబారాయి, వణుకు మాత్రం ఆగలేదు. కెమెరాకు కన్ను ఆనించాడు. ఏండ్లుగా ఆ అద్దంలో ఊగని వస్తువు లేదు. పెండ్లి పందిరి ఊగింది, లక్ష్మీనర్సమ్మ ముక్కుపుడక ఊగింది. ఇప్పుడు గుట్ట నిలబడింది. నిమ్మళంగా, అతనికోసమే ఆగినట్టు నిలబడింది. చెయ్యీ చెరువూ ఒక్క తీరుగా వణుకుతున్నాయి.

"యాకయ్యా, తెడ్డు ఆపు."

నొక్కాడు.

రెండు రీళ్లూ భాస్కరే కడిగాడు. అతని దాంట్లో గుట్టలన్నీ జొన్న గట్క లెక్క కలిసిపోయాయి. తండ్రి దాంట్లో ఆకు ఆకూ విడిగా ఉంది. మోడు మీది కొంగ ముక్కుకొసన నీటిబొట్టు కూడా జారకుండా ఆగి ఉంది.

భాస్కర్ ఆ ఫోటోను దుకాణం ముందు అద్దంలో పెట్టి ఇంటికొచ్చాడు.

"కట్‌పీసుల సేటును రావద్దన్న, బాపూ. మరి పరకాల పెండ్లికి ఒప్పుకున్నం గద, ఫోటోలు ఎవరు తీస్తరు?"

"పెండ్లిళ్లు నువ్వు తియ్యి. నిలబడేటియి నీకు, వణికేటియి నాకు."

ఆ పూట లక్ష్మీనర్సమ్మ గ్లాసు నిండా చాయ్ పోసింది. సగం ధోవతి తాగింది. ఎవరూ తుడవలేదు.