గద్దగారి ఎత్తు కుర్చీ

చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో పై హాలు సూపర్‌వైజరును పనివాళ్లు చాటుగా గద్ద అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, తెలిసి మురిసిపోయేవాడు కూడా. కన్ను పక్కకు తిప్పితే మనిషన్నవాడు చెయ్యి ఆపేస్తాడని ఆయన గట్టి నమ్మకం. అందుకే ముప్పై మిషన్లూ కనిపించేలా ఎత్తు కుర్చీ చేయించుకున్నాడు. మంచినీళ్లకు లేవాలంటే మెడలో కొయ్య బిళ్ల వేసుకోవాలి, ఆ బిళ్ల హాలుకంతటికీ ఒక్కటే. కాలర్లు కుట్టే సొంత భార్యకూ మినహాయింపు లేదు. పక్షపాతం అంటారేమోనని పన్నెండేళ్లుగా ఆమె వెనకే ఎక్కువసేపు నిలబడేవాడు.

కింది హాలు ఆయన తోడల్లుడిది. అతనికి కుర్చీయే లేదు. ఎవరైనా రాకపోతే ఆ మిషన్ దగ్గర తానే కూర్చుని కుట్టేస్తాడు. అక్కడ పాటలు, వేళాకోళాలు. అయినా రోజూ నాలుగు వందల చొక్కాలు దిగుతాయి, పైన మూడు వందలు దాటితే గొప్ప. ఈ నెలాఖరుకు ఇద్దరిలో ఒకరిని మేనేజరును చేస్తానని యజమాని అన్నప్పటి నుంచీ గద్దకు కంటి మీద కునుకు లేదు. కింది నవ్వులు మెట్లెక్కి వస్తుంటే ఒళ్లు భగ్గుమనేది.

ఆగలేక యజమాని దగ్గరికి వెళ్లాడు. పనిమంతులందరూ కిందే ఉన్నారని, వారం రోజులు తమ ఇద్దరి హాళ్లు మార్చి చూడమని అడిగాడు. ఆయన సరేనన్నాడు.

సోమవారం గద్ద తన కుర్చీనీ బిళ్లనీ వెంటబెట్టుకుని కిందికి దిగాడు. మంగళవారానికి పాటలు ఆగాయి. గురువారానికి బిళ్ల కోసం ఎదురుచూపులు మొదలయ్యాయి. శనివారం మధ్యాహ్నం లెక్కలు రాసే పలక మీద ఆ వారం రోజువారీ సగటు: కింది హాలు మూడు వందల పది, పై హాలు నాలుగు వందల ఇరవై. మేనేజరు పదవి తోడల్లుడికే ఖాయమైంది.

ఏదో మాయ చేశాడనుకుంటూ గద్ద పైకి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. భార్య ఏదో చెబుతోంది, అందరూ పగలబడి నవ్వుతున్నారు, ఒక్క మిషనూ ఆగలేదు. ఆమెకు కబుర్లు చెప్పడం వచ్చని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు. పదవి చేజారినందుకు కూడా పడనంత అసూయ అప్పుడు పడ్డాడు.

ఆమెను పక్కకు పిలిచాడు. "పన్నెండేళ్లలో నలభై కాలర్లు దాటని దానివి, ఈ వారం రోజుకు అరవై ఎలా కుట్టావు? ఏం చేశాడు వాడు?"

"మరిదిగారు ఏమీ చెయ్యలేదండీ. వెనక ఎవరూ లేరు, అంతే."

"సోమవారం నేను మళ్లీ పైకి వస్తాను."

"తెలుసు," అంటూ ఆమె కొంగు ముడి విప్పి ఒక కాగితం ఇచ్చింది. హాలు మారడానికి పెట్టుకునే అర్జీ అది. సూపర్‌వైజరు సంతకం లేనిదే, కారణం రాయనిదే ఎవరూ హాలు మారకూడదని రూలు పెట్టింది ఆయనే. కారణం అన్నచోట ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది: అరవై కాలర్లు కుట్టడానికి.

ఆయన జేబులోంచి కలం తీశాడు. కాగితాన్ని మిషన్ బల్ల మీద పెట్టుకుని వంగాడు. ఆమె వచ్చి ఆయన వెనక నిలబడింది. సంతకం వంకర పోయింది.