ఎసరు పాటలో ఖాళీ

సుల్తాన్‌బీ ఎండు రొయ్యల చాట ముందేసుకుని కూర్చుందంటే ముత్తుకూరు పిల్లులన్నిటికీ కబురు పోతుంది. ఎవరు మోస్తారో తెలియదుగానీ పోతుంది. పోర్టు గేటుకాడ కాపురముండే గండుపిల్లి ఒకటి బొగ్గులారీ ఎక్కి వచ్చి వీధి మొగదల దిగుతుందని చెప్పుకుంటారు. ఆ పొద్దు కూడా అది గోడ మీద కూర్చుని ఉంది. సుల్తాన్‌బీ తల గిల్లి ఒక పక్క, తోక గిల్లి ఒక పక్క, నడిమి ముక్క గిన్నెలో వేస్తా ఉంటే, కోడలు షాహనా మెట్టు మీద ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని ఫోను చదువుతా ఉంది. షాహనాకి ఎండు రొయ్యల వాసన పడదు. పులుసులో పడితే మాత్రం ఆ వాసనే మారుముద్ద కలిపిస్తుంది.

"అత్తా, మామ పాటకి ఇంకో అర్థం పుట్టింది" అన్నది షాహనా.

"మగబిడ్డా, ఆడబిడ్డా?"

"కన్నది పద్మనాభయ్యగారు. నువ్వే తేల్చు."

మామ అంటే ఇమామ్ సాహెబ్, సుల్తాన్‌బీ పెనిమిటి. దూది ఏకి పరుపులు కుట్టే మనిషి, పాటలు కట్టే మనిషి. బతికున్నన్నాళ్లూ ‘పరుపులాయన’ అన్న నోళ్లే, ఆయన మట్టిలో పడుకున్నాక ‘మహాకవి’ అనడం మొదలుపెట్టినాయి. పెద్దకొడుకు జాకీర్ అటక మీది పాత క్యాసెట్లు దించి పెంచలకృష్ణకి ఇచ్చినాడు. పెంచలకృష్ణ థర్మల్ ప్లాంటులో సూపర్‌వైజరు, పాటలంటే ప్రాణం పెడతాడు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ‘ఇమామ్ గానామృతం’ అని వాట్సాప్ గ్రూపు పెట్టినాడు. తోటపల్లి గూడూరు నుంచి సూళ్లూరుపేట దాకా ఎక్కడెక్కడి జనమో చేరినారు. చేరినవాళ్లు ఊరికే ఉంటారా. ఇమామ్ సాహెబ్ పాడుతుంటే కృష్ణపట్నంలో ఓడ ఒకటి శ్రుతి కలిపి కూత వేసిందని ఒకాయన రాసినాడు. ఇంకొకాయన చెరువులో రొయ్యలు ఒడ్డుకొచ్చి విన్నాయని రాసినాడు. వినొచ్చిన రొయ్యల్ని ఏం చేసినారో మాత్రం రాయలేదు.

పద్మనాభయ్య రిటైరైన తెలుగు మేష్టారు. ఒక ముక్కకి మూడర్థాలు తీయకపోతే ఆయనకి అన్నం అరగదు. ఆ పొద్దు ఎసరు పాట మీద పడినాడు. షాహనా గొంతు సవరించుకుని చదివింది.

"‘ఎసరు అనగా సంసారము. బియ్యము అనగా జీవుడు. కానీ మిత్రులారా, ఈ పాటలో అసలు కవిత్వం మాటల్లో లేదు. ఎసరు మరిగె, ఎసరు మరిగె అని పాడి కవి ఒక్కసారి ఆగుతాడు. ఆ మౌనం! ఆ మౌనంలోనుంచి పుట్టుకొస్తుంది, ఎసరు మరిగితే ఏమి సామీ, బియ్యమేవి లోన అనే ప్రశ్న. ఆ మౌనానికి నా సాష్టాంగ నమస్కారం.’ కింద అందరూ చేతులు జోడించినారత్తా."

సుల్తాన్‌బీ చేతిలో రొయ్య చేతిలోనే ఉండిపోయింది.

"మౌనమేంది? ఆడ మౌనం యాడుంది?"

"ఉంది. పెంచలకృష్ణన్న కొత్తగా బాగుచేసి పెట్టినాడుగా. నాయిస్ అంతా తీసేసినాడంట. ఆదివారం గ్రూపోళ్లు పెట్టే సభలో విడుదల చేసేది దీన్నే. విను."

షాహనా నొక్కింది. దూదేకే విల్లు టంగుమన్నది. ఆ వెనకే ఇమామ్ సాహెబ్ గొంతు, వయసులో ఉన్న గొంతు, ముక్కులో దూది పోగు ఇరుక్కున్న గొంతు. *ఎసరు మరిగె, ఎసరు మరిగె…* తర్వాత ఏమీ లేదు. కడిగి బోర్లించిన చట్టిలాగా ఖాళీ. ఆ తర్వాత, *ఎసరు మరిగితే ఏమి సామీ, బియ్యమేవి లోన.*

"బాగా శుభ్రంగా ఉంది కదత్తా? ముందు గిన్నె మోతలూ, ఎవరో అరుపులూ…" అని షాహనా ఆగింది. అత్త మొహం చూసి ఫోను పక్కన పెట్టింది.

ఎవరో అరుపులు. సుల్తాన్‌బీ మళ్లీ రొయ్యలు గిల్లడం మొదలుపెట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, నలభై ఏళ్లుగా అలవాటైన చేతులు. మనసు మాత్రం ఆ ఖాళీలోకి దిగి కూర్చుంది. ముసురు పట్టిన మధ్యాహ్నం అది. మరిది కువైట్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డరుని ఇమామ్ సాహెబ్ దూదిబస్తా మీద పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, ఎర్ర మీట నొక్కేముందు వంటింటి వైపు చూసి, "సుల్తానూ, గిన్నెలు మోగనీయబాక" అన్నాడు. గిన్నెలు మోగకుండా వంట చేయడం ఏ పీరు నేర్పినాడో ఆయనే చెప్పాలి. ఆమె పొద్దుటి నుంచి ఎవరింటి పెండ్లికో పరుపులు కుడుతున్నది. దబ్బనం దిగిన వేలికి పసుపు అద్దుకుని, పొయ్యి మీద ఎసరు పడేసి, మళ్లీ పరుపు అంచు పట్టుకుంది. బియ్యం చాటలోనే ఉన్నాయి, రాళ్లతో సహా. ఏరేవాళ్లేరీ? ఆయన తల్లి, తన అత్త, చాప మీద కూర్చుని ఆకూవక్కా నములుతుంది, ఆయన పాట కడతాడు. మూత గలగలమంటుంటే అది విని ఆయన *ఎసరు మరిగె* అని ఎత్తుకున్నాడు. ఎత్తుకుని ఆడనే ఆగిపోయినాడు. రొంపిలో దిగిన ఎద్దులాగా ముందుకు పోడు, వెనక్కి రాడు. విల్లు కొడతాడు, *ఎసరు మరిగె* అంటాడు. ఆమెకు ఒళ్లు మండింది. మండినప్పుడు సుల్తాన్‌బీ మాట తిట్టులాగా రాదు, వాళ్ల పుట్టింటి ఆడవాళ్ల మాదిరి దరువులో వస్తుంది. "ఎసరు మరిగితే ఏమి సామీ, బియ్యమేవి లోన?" అన్నది వంటింట్లోంచి. అత్త అందుకుంది వెంటనే: "మొగుడు పాడతా ఉంటే మధ్యలో వాగుడేందే, నోట్లో దూది పెట్టుకో." ఆయన మాత్రం విల్లు ఆపి, గుమ్మంలోంచి ఆమె వైపు చూసినాడు. గాలిలో దూది మంచులాగా తేలుతుంది, ఆ దూదిలోంచి చూసినాడు. పెండ్లినాడు కూడా అట్లా చూడలేదు ఆ మనిషి. చూసి, ఆమె అన్న మాటని అన్నట్టే పాడినాడు.

ఆ చూపు కోసం ఎన్ని మధ్యాహ్నాలు ఇచ్చిందో. ఆమె ఏదో అంటుంది, ఆయన దాన్ని ఏకి, మెత్తన చేసి పాటలో కూరుతాడు. "ఊరందరికీ మెత్తటి పరుపులు, మనకేమో చాప" అని ఒకనాడు విసుక్కుంటే, సాయంత్రానికి అది *ఊరి నిద్రకు పరుపు కుడితిమి, మనకు చాప చాలు* అయి కూర్చుంది. ఆ ‘చాలు’ ఒక్కటే ఆయనది. ఆమె చాలనలేదు. అయినా సంతోషంగానే ఉండేది. ముక్కు నిండా దూది, వేళ్ల నిండా పొడుపులు, ఇంటి నిండా పాట. ఇప్పుడు తలుచుకుంటే ఆ దూది వాసనకే కళ్లు చెమరుస్తాయి. ఆయన మీద కోపం ఎంత వెతికినా దొరకదు, అదే తంటా.

తర్వాత నెల్లూరులో పెద్దసభకి పిలుపొచ్చింది. చొక్కా ఇస్త్రీ చేస్తా ఆమె నవ్వుతానే అన్నది: "కట్టింది ఇద్దరమని ఒక ముక్క చెప్పకూడదా అయ్యా అక్కడ." ఆయన కూడా నవ్వినాడు. అద్దంలో తల దువ్వుకుంటా, "ఆడదాని పేరు పాటలో ఉండాలిగానీ పాట కింద ఎందుకే" అన్నాడు. మంచి మాట. చప్పట్లు పడే మాట. అక్కడ సభలో కూడా చెప్పినాడంట, పడినాయంట. ఆ పొద్దు నుంచి ఆమె పనికి సరిపడా మాట్లాడటం నేర్చుకుంది. అలగలేదు. అన్నం పెట్టింది, పరుపులు కుట్టింది, బిడ్డల్ని కన్నది. ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి సగం పాట పాడి ఆగేవాడు, అడుక్కునేవాడి మాదిరి. ఆమె తలెత్తకుండా, "ఉప్పు అయిపోయింది" అనేది. ఉప్పు అయిపోయింది అనేది ఏ రాగంలోనూ ఇమడదు. ఎసరు పాటకి మూడో చరణం అట్లా ఆగిపోయింది. ఆయన పాటలే ఆగిపోయినాయి. గ్రూపులో దానికి ‘వైరాగ్య దశ’ అని పేరు పెట్టుకున్నారు. ఆయనతోపాటు తనకీ పాట పోయిందని, ఆ గుమ్మం రెండు వైపులా ఇద్దరు మూగవాళ్లు కాపురం చేసినారని వాళ్లకెవరు చెప్తారు. ఆ ఇద్దరూ మాట కలిపిన మధ్యాహ్నం లోకంలో ఒక్క క్యాసెట్టులో మిగిలింది. దాన్ని నాయిస్ అని తుడిచేసినారు. ఆదివారం దాటితే ఇంక ఆ ఖాళీయే నిజమవుతుంది, దానికే మొక్కుతారు.

"షాహనా, ఆ పెంచలకృష్ణకి ఫోను చెయ్. ఒకసారి వచ్చిపొమ్మను."

సాయంత్రానికి పెంచలకృష్ణ వచ్చినాడు. పిలవకపోయినా పద్మనాభయ్య కూడా వెంటబడి వచ్చినాడు, ఇంకో క్యాసెట్టు బయటపడిందేమోనని. సుల్తాన్‌బీ టీ ఇచ్చింది. పెంచలకృష్ణ సంచిలోంచి లాప్‌టాప్ తీసి చాప మీద పెట్టినాడు.

"అమ్మా, మూడో చరణం గురించేనా పిలిచింది?" అన్నాడు పద్మనాభయ్య, గ్లాసు కూడా ముట్టకుండా.

"కాదులే సార్. నాయనా కృష్ణా, నువ్వు తీసేసిన చప్పుడు ఉందా, పారేసినావా?"

"పారేయలేదమ్మా, ఉంది. కానీ దాంట్లో ఏముంది, గిన్నెలు, ముసలామె అరుపు, మధ్యలో ఎవరో…"

"ఆ ఎవరోని వినిపించు."

పెంచలకృష్ణ వెతికి నొక్కినాడు. విల్లు మోగింది, మూత గలగలమన్నది. *ఎసరు మరిగె, ఎసరు మరిగె.* అప్పుడు లోపలినుంచి, పొగలోంచి, ఒక పడుచు గొంతు దరువు తప్పకుండా అన్నది, ఎసరు మరిగితే ఏమి సామీ, బియ్యమేవి లోన? "నోట్లో దూది పెట్టుకో" అన్నది ముసలి గొంతు. ఆ తర్వాతే ఇమామ్ సాహెబ్ పాడినాడు.

షాహనా చున్నీ జారిపోయింది ముక్కు మీద నుంచి. "అత్తా, అది నువ్వా?"

"ఇంకెవరు, పోర్టు గేటుకాడి గండుపిల్లా?"

పెంచలకృష్ణ మళ్లీ వెనక్కి జరిపి ఇంకోసారి విన్నాడు. పద్మనాభయ్య మాత్రం కళ్లు మూసుకుని, తల ఊపి, కాసేపటికి కళ్లు తెరిచినాడు. మొహం వెలిగిపోతుంది.

"చూసినారా మహానుభావుడి గొప్పతనం! ఇంట్లో ఆడవాళ్లు విసుక్కున్న మాటని కూడా ఎట్లా కవిత్వం చేసినాడో! రాయిని పట్టుకుంటే రత్నం అమ్మా ఆయన చేతిలో. ఈ ముక్క నేను ఆదివారం సభలో చెప్పాలి."

సుల్తాన్‌బీ ఆయన వంకే చూసింది. ఆ మాట మంచిదే. చప్పట్లు పడే మాట. ఆదివారం పడతాయి కూడా. ఆమె రాయి, ఆయన రత్నం. తుడిచేసినా ఆయనదే, తుడవకపోయినా ఆయనదే. ఆ సంగతి ఎవరి మీదా కోపం లేకుండా, చల్లగా, పూర్తిగా తెలిసింది ఆమెకి. నోట్లో దూది ఇంకొకరు పెట్టింది కాదు, ఇన్నాళ్లూ అది అక్కడ ఉండనిచ్చింది తానేనని కూడా తెలిసింది.

"పెట్టేస్తాలే అమ్మా" అన్నాడు పెంచలకృష్ణ మెల్లగా. "మీ గొంతు ఎక్కడిది అక్కడ పెట్టేస్తా. మీ పేరుతోటే."

"పెట్టు నాయనా." ఆమె పైట సర్దుకుని చాప మీద కూర్చుంది. "ఇంకో చరణం కూడా ఉంది, పట్టుకో. ఆ మీట నొక్కు."

"మూడో చరణమా?" పద్మనాభయ్య చాప మీదికి జరిగినాడు. "మీకు గుర్తుందా అమ్మా?"

ఆమె గొంతు సవరించుకోలేదు, శ్రుతి చూసుకోలేదు. పాడినట్టూ కాదు, మాట్లాడినట్టూ కాదు, వంటింట్లోంచి ఎవరినో ఉద్దేశించి అన్నట్టు ఎత్తుకుంది.

*పాడిన నోటికి పేరొచ్చెను*
*పలికిన నోటికి పొగ వచ్చెను*
*ఎసరు నాదే, బియ్యము నాదే*
*అన్నమెవరిది సామీ?*

పెంచలకృష్ణ వేలు మీట మీదే ఉండిపోయింది. షాహనా గోడకి ఆనుకుని నిలబడింది. పద్మనాభయ్య కళ్లలో నీళ్లు తిరిగినాయి. నిజంగానే తిరిగినాయి, ఆయన పాట తెలిసిన మనిషే.

"ఎంత మాట, ఎంత మాట" అన్నాడు. "ఇది ఎప్పుడు కట్టినాడమ్మా ఆయన?"

"ఆయనకిది తెలవదు సార్" అన్నది సుల్తాన్‌బీ. "నేను చెప్పలేదు."